నలభైమందికి బువ్వ

మా అక్క బిడ్డ సిరిసిల్లలో సాంచాల చప్పుడు మధ్య పెరిగింది. డిగ్రీ చదువుతూ ఒక ఫాంటసీ నవల రాస్తోంది. పదిహేనేళ్ళ పిల్లవాడు, వాడి వెంట నలభైమంది కిరాయి సైనికులు, ఒక మాంత్రికుడి కోట. రాతప్రతి చదివిన వాళ్ళ సారు, "చరిత్రలో ఎక్కడైనా జరిగిందా ఇట్లా?" అని పక్కన పెట్టేశారట. చిన్నబుచ్చుకుని కోరుట్లలో మా ఇంటికొచ్చింది.

నిజానికి ఆ రెండూ జరిగినవే. 1931లో పుట్టిన మల్లు స్వరాజ్యం తెలంగాణ సాయుధ పోరాటం ముదిరేనాటికి ఎంతటి పిల్ల? ఆ వయసులోనే దళాన్ని నడిపింది. ఆమె తలకు ప్రభుత్వం పదివేల రూపాయల వెల కట్టింది. 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' చదివిన మనకెవరికీ పదిహేనేళ్ళ వయసు అసాధ్యమనిపించదు. కిరాయి మూకలంటారా, నిజాం రాజ్యంలో అరబ్బులు, రోహిల్లాలు ఉండనే ఉన్నారు. జీతాలు బకాయి పడితే ఊరుకునే రకం కాదు వాళ్ళు. వడ్డీలకిచ్చి జనాన్ని పీడించారు. 1853లో దివాన్ అయిన సాలార్‌జంగ్‌కు వాళ్ళను అదుపులో పెట్టడం పెద్ద పనే అయింది. మా పిల్ల నవలలో మాత్రం నలభైమందిలో ఒక్కడూ జీతం అడగడు.

ఆ నలభైమందిలో ఆడది ఒక్కతీ లేదు. 1795లో మరాఠాలతో జరిగిన ఖర్దా యుద్ధంలో నిజాం అలీఖాన్ వైపు జఫర్ పల్టన్ అనే ఆడవాళ్ళ పటాలాలున్నాయి. వాటి నాయకురాళ్ళు మామా బరున్, మామా చంపా. కాబట్టి ఆడవాళ్ళు లేకపోవడమే చరిత్రకు విరుద్ధం. సారు అది మాత్రం అడగలేదు! నమ్మదగినదేదో, కానిదేదో తేల్చే కొలబద్ద ఎవరి చేతిలో ఉంది?

అమ్మ మంచంలోంచే అంతా విన్నది. బీడీలు చుట్టిన రోజుల్లో, చాట ఒళ్ళో పెట్టుకుని మాకు బాలనాగమ్మ కథ చెప్పేది. మేమంతా ఏడు సముద్రాలు దాటి చిలకను పట్టిన బాలవర్ధి కోసం చెవులు రిక్కించేవాళ్ళం. నోము పేరు చెప్పి ఏళ్ళ తరబడి ఆ మాయల ఫకీరును దగ్గరికి రానివ్వని తల్లి మాకు వట్టి ఎదురుచూసే మనిషిగానే కనిపించేది. కథకు పేరు ఆమెది, సాహసం కొడుకుది.

"మరి నలభైమందికి బువ్వ ఎవరు వండిన్రు బిడ్డా?" అన్నది అమ్మ.

ఆ ప్రశ్న ఊరికే రాలేదు. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాలలో కూలీలు, రైతులు కదం తొక్కారు. అక్టోబర్‌లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఆ రాత్రుల్లో తలుపు కొట్టిన పిల్లలకు అమ్మ అన్నం పెట్టింది. తెల్లారి ఎవరొచ్చారని అడిగినవాళ్ళకు తెల్వదన్నది. వాళ్ళలో ఒకడికి మీసం కూడా మొలవలేదట. తర్వాత వాడు కనిపించలేదు. వాణ్ణి అమ్మ ఒక్కనాడూ వీరుడనలేదు. "సల్లకూడు తిని పోయిన పిల్లగాడు" అంటుంది, అంతే.

అలాంటి పిల్లవాణ్ణి కథలో ముందుకు నడిపించి, వాడి చావును అందంగా రాసే హక్కు మనకుందా? రాయకుండా ఉంటే వాడు లేనట్టే అవుతాడా? నాకు తేలలేదు.

మా పిల్లకు ఇదంతా నచ్చలేదు. "కథలో కూడా వంటేనా చిన్నమ్మా? మాకు కత్తి ఎప్పుడు?" అని దెబ్బలాడింది. ఆ మాటలోనూ న్యాయముంది. వంటింటిని గొప్ప చేసి మళ్ళీ అందులోనే కూర్చోబెట్టే పెద్దమనుషులు మనకు కొత్త కాదు.

రాత్రి చూస్తే మంచం పక్కన పుస్తకం తెరిచి కూర్చుని ఉంది.

"అమ్మమ్మా, నలభైమందికి పూటకు ఎన్ని బియ్యం?"

"మనిషికి పావుశేరేసుకో. పది శేర్లు. ఒక్క పూటకే సుమా. నీ పోరడు ఎన్ని దినాలు నడుస్తడు?"

పిల్ల వేళ్ళమీద లెక్కపెట్టడం మొదలుపెట్టింది.