మరచినవారి కొరకు చేయి చాచుట

ఇచ్చువానికి పుణ్యము, అడుగువానికి లాఘవము అని లోకమున ఒక నమ్మిక స్థిరపడినది. అయినచో, తన కొరకు గాక పరుల కొరకు అడుగువాని మాటయేమి? నేటి ధర్మసంస్థలలో విరాళముల సేకరణకై సభలను, నడకలను, సంగీత కచేరీలను ఏర్పాటు చేయు ఉద్యోగమొకటి కలదు. అందును, మతిమరపు వ్యాధిగ్రస్తులైన వృద్ధులకు ఆసరాగా నిలుచు సంస్థలో ఈ పని చేయువారికి ఎదురగు ధర్మసంశయము విచారింపదగినది.

వైద్యులు ఈ వ్యాధిని డిమెన్షియా అందురు. అందు ఎక్కువగా కానవచ్చు రూపమును జర్మనీ దేశపు వైద్యుడు అల్జీమర్ 1906వ సంవత్సరమున లోకమునకు తెలిపెను. ఇది వార్ధక్యమున సహజముగా వచ్చు మరపు కాదు. మెదడులోని కణములు క్రమముగా నశించుటచే కలుగు రోగము. మన దేశమున 60 ఏండ్లు దాటినవారిలో నూటికి 7.4 మంది, అనగా సుమారు 88 లక్షల మంది, దీనితో బాధపడుచున్నారని 2023లో ప్రకటింపబడిన ఒక పరిశోధన అంచనా వేసినది. దీనిని పూర్తిగా మాన్పు మందు లేదు. కనుక భారమంతయు ఇంటివారిపై, తరచుగా కోడలిపైనో, కుమార్తెపైనో, తానును వృద్ధురాలగు భార్యపైనో పడును. వారికి కొన్ని గంటల విశ్రాంతి నిచ్చు పగటి సంరక్షణ కేంద్రము గాని, శిక్షణ పొందిన ఆయా గాని ధనము లేనిదే సమకూడదు. 1992లో కేరళమున పుట్టిన అల్జీమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీ ఆఫ్ ఇండియా వంటి సంస్థలు ఈ సేవకు పూనుకొన్నవి. సెప్టెంబరు 21వ తేదీని ప్రపంచ అల్జీమర్స్ దినముగా పాటించుట 1994 నుండి వచ్చుచున్నది.

ఇక సంశయము. దాతల మనస్సు కరగవలెనన్న రోగి దుఃస్థితిని కన్నులార చూపవలెనని కొందరందురు. వేదికపై ఒక వృద్ధుని కూర్చుండబెట్టి, భార్యను చూపి, "ఈమె ఎవరు?" అని అడిగినచో, ఆయన తెల్లబోయి చూచును. సభలో కన్నీరు కారును, విరాళములు కురియును. ఆ ధనముతో పదిమందికి సేవ జరుగును గదా, దోషమేమి అని ప్రశ్న.

దోషము కలదు. ఆ వృద్ధుడు అందుకు అనుమతి నీయజాలడు, కాదనజాలడు. ఒకనాడు ఊరికి పెద్దయై తగవులు తీర్చినవాడు, తెలివి ఉన్ననాడు ఆ వేదిక నెక్కుటకు ఒప్పుకొనియుండునా? మతి పోయినంత మాత్రమున మానము పోదు. తాను కాపాడుకొనలేని మానమును చుట్టునున్నవారు కాపాడవలెను. వ్యాధి తొలిదశలో నుండి, తెలిసి, ఇష్టపడి తన అనుభవమును చెప్పుకొనువారి మాట వేరు. అది సాక్ష్యము, ఇది ప్రదర్శన. ప్రదర్శన వలన వచ్చు ధనము తగ్గినను సరే, దానిని విడుచుటయే ధర్మము. ఎవరి గౌరవము కొరకు అడుగుచున్నామో వారి గౌరవమునే వెలగా చెల్లింపరాదు.

మరియొక చిక్కు కలదు. ప్రత్యుపకారము చేయలేనివానికి కర్తవ్యమని యిచ్చునది సాత్త్విక దానమని గీతలోని పదునేడవ అధ్యాయము బోధించుచున్నది. ఇచ్చినవాని ముఖమునైనను జ్ఞాపకముంచుకొనలేని ఈ వృద్ధునికంటె అట్టి పాత్రుడెవడు? అయినను సభలలో శాలువలు, పేర్ల ఫలకములు తప్పుట లేదు. కీర్తి కొరకు ఇచ్చిన రూపాయి కూడ రోగి పాలగ్లాసుగా మారును. దాత హృదయమును తూచుట నిర్వాహకుని పని కాదు. సభ ఖర్చెంత, కేంద్రమునకు చేరినదెంత అని ఎవరడిగినను దాచక లెక్క చూపుట మాత్రము అతని పని. ఆడంబరము విరాళమును మ్రింగినచో అది సేవ కానేరదు.

మరపును గూర్చి వైష్ణవులకు పూర్వమునుండియు ఒక భయము కలదు. అంత్యకాలమున స్మరణ తప్పినచో గతి యేమి? ఆ వేళకు స్మరింపలేనేమోయని పెరియాళ్వారు శ్రీరంగనాథునికి ముందుగానే విన్నవించుకొనెను. దీనికి సమాధానము వరాహచరమశ్లోకమున లభించుచున్నది. ఆరోగ్యమున్ననాడు తన్ను తలచినవాడు, చివరకు కట్టెవలె, రాయివలె పడియున్నను, అతనిని తానే తలచెదనని స్వామి భూదేవికి మాట యిచ్చెను. తిరుమలలో స్వామిపుష్కరిణి గట్టున యాత్రికులు తొలుత దర్శించునది ఆ వరాహస్వామినే.

జీవుడు మరచినను భగవంతుడు మరువడు. మరచినవారిని మరువకుండుట దైవగుణమైనప్పుడు, వారి కొరకు పదిమంది గుమ్మములు తొక్కి చేయి చాచుట చులకన యెట్లగును? మన ఇరుగుపొరుగున ఇట్టి పెద్దలున్నచో, విరాళమునకు ముందు ఒక పూట వారి చెంత కూర్చుండి ఇంటివారికి విశ్రాంతి నిత్తుము గాక.