పనిలో వంతు: న్యాయమా, దయా?



ఇటీవల ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మన యౌవనస్థులలో ఒకరు మా దగ్గరకు వచ్చి, "మాస్టారూ, చదువుల్లో, ఉద్యోగాల్లో రిజర్వేషన్ అంటే అర్థమవుతుంది. మునిసిపాలిటీ కాలువలు కట్టించడంలో కూడా వంతులేమిటి? తక్కువ రేటు వేసినవాడికి పని ఇవ్వడమే గదా న్యాయం?" అని అడిగారు. అప్పుడు సరిగా జవాబు చెప్పలేకపోయాము. ఆలోచించి ఇప్పుడు వ్రాయుచున్నాము.

ప్రశ్న మంచిదే. ప్రజల పన్ను డబ్బు వృథా కాకూడదు. అయితే టెండరు వేయవలెనంటే ముందు ధరావతు కట్టవలెను. లైసెన్సు ఉండవలెను. అటువంటి పని ఇంతకు ముందు చేసినట్లు సర్టిఫికెట్ చూపవలెను. బిల్లు వచ్చువరకు కూలీలకు చేతి డబ్బు పెట్టుకొనవలెను. పని దొరకనివానికి అనుభవము ఎట్లు వచ్చును? అనుభవము లేనివానికి పని ఎవరు ఇచ్చెదరు? పందెములో గెలిచినవానిని మెచ్చుకొనుటకు ముందు, గీత దగ్గరకు ఎవరెవరు రాగలిగినారో చూడవలెను.

అమెరికాలో వర్జీనియా రాష్ట్రమునకు ముఖ్యపట్టణమైన రిచ్‌మండ్ ఈ విషయములో ఒక ప్రయత్నము చేసినది. అప్పట్లో ఆ పట్టణ జనాభాలో సుమారు సగము మంది నల్లజాతివారు ఉండిరి. కాని 1978 నుండి 1983 వరకు పట్టణము ఇచ్చిన ప్రధాన నిర్మాణ కాంట్రాక్టులలో అల్పసంఖ్యాకుల సంస్థలకు దక్కినది నూటికి ఒక వంతు కూడ కాదు, 0.67 శాతము మాత్రమే. అందుచేత 1983లో పట్టణ కౌన్సిలు, ప్రధాన కాంట్రాక్టు పొందినవారు అందులో 30 శాతము విలువగల పనిని అల్పసంఖ్యాకుల సంస్థలకు సబ్ కాంట్రాక్టుగా ఇవ్వవలెనని నియమము చేసినది. పట్టణ జైలులో పైపుల పనికి టెండరు వేసిన క్రోసన్ అను కంపెనీ దీనిపై కోర్టుకు వెళ్ళినది. 1989లో అమెరికా సుప్రీం కోర్టు ఆరుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపుగా ఆ నియమమును కొట్టివేసినది. ఆ కోర్టులో మొదటి నల్లజాతి న్యాయమూర్తియైన థర్‌గుడ్ మార్షల్ ఆ తీర్పుతో ఏకీభవించలేదు.

తీర్పులో రెండు మాటలు మనము గమనింపదగినవి. అన్యాయము జరిగినదని ఊరకే చెప్పుట చాలదు, ఆ ఊరిలో, ఆ పనిలో జరిగినదని లెక్కతో చూపవలెనన్నారు. ఏ జాతి పేరూ ఎత్తకుండానే ధరావతు భారము తగ్గించుట, టెండరు పద్ధతి సులువు చేయుట, చిన్నవారికి శిక్షణ, ఆర్థిక సహాయము ఇచ్చుట వంటి మార్గములు ఉన్నవన్నారు. తీర్పు తరువాత అనేక పట్టణములు తమ కాంట్రాక్టుల లెక్కలు తీయించుకొన్నవి. వంతు ఇచ్చుట తప్పా, ఒప్పా అను వాదన ఇంకను సాగుచునే యున్నది. కాని లెక్క చూడకుండ "మా తలుపు అందరికి తెరచియే యున్నది" అనుట సరికాదని మాత్రము తేలినది.

మన దేశములోను ఇటువంటి నియమములు ఉన్నవి. కర్ణాటకలో ప్రభుత్వ పనులలో షెడ్యూల్డు కులములకు 17.15 శాతము, తెగలకు 6.95 శాతము ప్రత్యేకించారు. మొదట 50 లక్షల రూపాయల లోపు పనులకు ఉన్న ఈ నియమమును 2023లో కోటి రూపాయల వరకు పెంచారు. కేంద్ర ప్రభుత్వ శాఖలు, సంస్థలు కొనుగోళ్ళలో 3 శాతము స్త్రీలు నడుపు చిన్న సంస్థల నుండి కొనవలెనని 2018లో నిర్ణయించారు. "1950 రాష్ట్రపతి ఉత్తర్వు వలన క్రైస్తవులము షెడ్యూల్డు కులముల లెక్కలోనికి రాము, పైగా వేరే రాష్ట్రము నుండి వచ్చినవారము, మనకు దీనితో పనేమి?" అని కొందరు అనవచ్చును. తలుపు బయట నిలబడుట ఎట్లుండునో తెలిసినవారమే గనుక మనకు పని ఉన్నది.

ఇందులో ఒక ప్రమాదము కూడ ఉన్నది. మేము ఎరిగిన ఒక సహోదరి పేరున ఆమె బంధువులు ఒక సంస్థ రిజిస్టరు చేయించారు. ఆమె పని సంతకము పెట్టుట. అందుకు నెలకు రెండు వేలు ఇచ్చేవారు. ఒక కార్యాలయమునకు సరఫరా చేసిన ఫినాయిలు నీళ్ళవలె ఉన్నదని బ్లాక్‌లిస్టు నోటీసు వచ్చినది. వచ్చినది ఆమె పేరునే. ఆ కార్యాలయము ఏ వీధిలో ఉన్నదో కూడ ఆమెకు తెలియదు. నోటీసు పట్టుకొని మా ఇంటికి వచ్చి ఏడ్చినది. పేరు ఒకరిది, లాభము వేరొకరిది అయినప్పుడు ఆ వంతు న్యాయము కాదు, దయ కూడ కాదు. అది రెండవసారి దోచుట.

ఇతరులను గూర్చి ఇంత వ్రాసి మమ్మును మేము విడిచిపెట్టుట ధర్మము కాదు. మేము సంఘ కమిటీలో ఉన్న సంవత్సరములన్నిటిలో వార్షిక సభల భోజనములు ఒకే వంటవానికి అప్పగించాము. సండే స్కూలు పిల్లల బట్టలు ఒకే దుకాణములో కుట్టించాము. స్త్రీల సమాజములో కుట్టుమిషనుతో సంసారము నడుపువారు, నూరుమందికి వండగలవారు ఉన్నారని మాకు తెలియును. "వారు అడగలేదు గదా" అనుకొన్నాము. అడుగుటకు వారికి తెలియజేసినదెప్పుడు? ఎవరిమీదను మాకు ద్వేషము లేదు. అలవాటు మాత్రమే ఉన్నది. తలుపు మూయుటకు అలవాటు చాలును.

ఆ యౌవనస్థునికి మా జవాబు ఇది. పని చేయగలిగియు బయట నిలిచిపోయినవానికి వంతు చూపుట దయ కాదు, బాకీ తీర్చుట. అయితే వంతు పొందినవారు తామే పని చేయవలెను, బాగుగా చేయవలెను. ఇక సంఘ పెద్దలకు మా మనవి: పది సంవత్సరముల ఖర్చుల పుస్తకము తీసి, మన డబ్బు ఎవరెవరి చేతికి వెళ్ళినదో ఒక సాయంకాలము కూర్చుండి లెక్క చూడుడి. మేమును మా పుస్తకము తెరచుచున్నాము.