వెనక వరుసలో ఒక కుర్చీ



హైదరాబాద్‌లోని విద్యానగర్‌కు ఒకవైపు 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయం. ఇంకోవైపు, బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం. విశ్వవిద్యాలయంలో చదవాలంటే సీటు రావాలి, పరీక్ష రాయాలి. విజ్ఞాన కేంద్రంలో సాయంత్రం జరిగే పుస్తక చర్చకు వెళ్లాలంటే కాస్త తీరిక, వినే మనసు చాలు.

కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య గారు ఆస్తులు కూడబెట్టలేదు, పుస్తకాలు కూడబెట్టారు. ఆయన పేరిట వెలసిన ఆ కేంద్రానికి ఆ పుస్తకాలే పునాది. 2000 ఆగస్టు వరదలో అక్కడి గ్రంథాలెన్నో తడిసిపోయాయి. పోతే పోయాయని కేంద్రం వారు వదిలేయలేదు, ఓపికగా కాపాడుకున్నారు.

పుస్తకాన్ని ఇంట్లోనే చదువుకోవచ్చు కదా, చర్చకు ఎందుకు వెళ్లాలి? ఒంటరిగా చదివినప్పుడు పుస్తకంలో మనకు తోచిన అర్థమే కనిపిస్తుంది. పదిమంది మధ్య కూర్చుంటే పక్కవారి అనుభవం కూడా కలుస్తుంది. మన అభిప్రాయాన్ని కాదన్న మనిషి మాటను చివరిదాకా వినడం అక్కడే అలవడుతుంది. వేదిక మీద ఎంత పెద్దవారున్నా, ఎదుట వినేవారు లేకపోతే అది సభ కాదు.

ఈ వారం మీ ఊళ్లో ఎక్కడ పుస్తక సభ జరిగినా వెళ్లండి. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే వెంట తీసుకెళ్లండి. వెనక వరుసలో అయినా సరే, కూర్చుని వినండి.