ఆలకించువాడు

ధ్యానభాగము: కీర్తన 65:2

హైదరాబాదు పాతబస్తీలోని చార్మినారును 1591లో కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా కవి కూడను. ఏటిలో చేపలవలె తన నగరము జనులతో నిండవలెనని దేవుని వేడుకొనిన దక్కనీ పాదమొకటి అతనిదిగా ప్రసిద్ధము.

అందు రెండు మాటలు చదువరిని తికమక పెట్టును. ‘మీన్’ అనగా చేప. మన ‘మీనము’ వంటిదే. చివరి పిలుపైన ‘యా సమీ’ మన చెవికి ‘సామీ’ అన్నట్లుండును. కాని అది అరబ్బీ మాట. ‘ఓ వినువాడా’ అని దాని అర్థము.

ఆ పాదము మర్మము ఈ మాటలోనే యున్నది. నగరము నిండిన చాలదు; నిండినవారి మొర వినువాడు కావలెను. దావీదును తన దేవుని ఆ పేరుతోనే పిలిచెను.

మన పల్లెల బిడ్డలెందరో కూలికి, చదువుకు ఆ నగరమునకు పోవుచున్నారు. ఫోను రాని రాత్రి తల్లి గుండె తల్లడిల్లును. అమ్మలారా, యెరికో త్రోవలో అంత గుంపులోను బర్తిమయి కేక విని ప్రభువు నిలిచెను గదా! కావున మీ బిడ్డలకొరకే గాక, యిర్మీయా 29:7 చొప్పున ఆ నగరము కొరకును ప్రార్థించుడి. ఆయన వినును. ఆమేన్.