ఓర్చుకునే ప్రాణికి నొప్పి లేదా?

కొర్రమీనును తడి గోనెసంచిలో చుట్టి సంతకు తీసుకెళ్తే గంటల తరబడి బతికే ఉంటుంది. మార్పు చేప ఇంకా మొండిది. వాన కురిసిన రాత్రి ముళ్ల రెక్కలు నేలకు ఆనించి, పాక్కుంటూ ఒక మడుగు నుంచి ఇంకో మడుగుకు పోతుంది. ఇవి వాగుల పక్కన పెరిగిన మనకు కొత్త సంగతులు కావు. పట్నాల్లో గాజు తొట్టెల్లో పెంచే జెల్ల జాతి చేపలకూ ఈ గట్టిదనం ఉంది. అద్దానికి మూతి అంటించుకుని పాచి తినే సక్కర్ చేపను తొట్టెలోంచి తీసి బయట పెడితే, ఒంటికి తడి ఉన్నంతసేపు గంటలకొద్దీ ప్రాణంతో ఉంటుంది.

దీని వెనుక మాయేమీ లేదు. సక్కర్ చేప పుట్టిల్లు దక్షిణ అమెరికా నదులు. ఎండాకాలంలో అక్కడి మడుగులు ఇంకిపోతాయి, మిగిలిన నీళ్లు వేడెక్కుతాయి, వాటిలో ఆక్సిజన్ తగ్గిపోతుంది. అప్పుడా చేప పైకి వచ్చి గాలి మింగుతుంది. దాని కడుపు గోడ పలచన, నిండా రక్తనాళాలే. అవి ఆ గాలిలోని ఆక్సిజన్ తీసుకుంటాయి. కోరిడోరాస్ అనే చిన్న జెల్ల ఇదే పని పేగుతో చేస్తుంది. మార్పుకు మొప్పల పైన చెట్టు కొమ్మల్లాంటి అవయవం ఉంటుంది. కొర్రమీనుకైతే పై గాలి తప్పనిసరి. పైకి రానివ్వకుండా అడ్డుకుంటే అది నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది.

ఇక్కడ మనల్ని మనం ఒక ప్రశ్న అడుక్కోవాలి. బయట పడేసినా చావలేదు కాబట్టి ఆ చేపకు ఏమీ కాలేదని అనుకోవచ్చా? ఒడ్డున పడేసి ఎంతసేపు బతుకుతుందో చూద్దామని పిల్లలు పందెం వేసుకుంటారు. వాళ్లలో క్రూరత్వం లేదు. కదలడం లేదు, అరవడం లేదు, కాబట్టి నొప్పి లేదనుకుంటారు. కానీ గాలి మింగే శక్తి ఆపద గడవడానికి ఉన్నది. కరువు రోజుల్లో గంజి తాగి బతికామంటే గంజి చాలని అర్థమా?

2003లో లిన్ స్నెడ్డన్ అనే శాస్త్రవేత్త, ఆమె తోటివారు ట్రౌట్ చేపల మీద పరిశోధన చేశారు. కొన్నింటి పెదవుల్లోకి తేనెటీగ విషం, కొన్నింటికి ఆమ్లం ఎక్కించారు. ఆ చేపలు గంటల తరబడి మేత ముట్టలేదు. ఆమ్లం ఎక్కించిన చేపలు పెదవులను గులకరాళ్లకేసి రాసుకున్నాయి. చేపకు మన లాగే బాధ తెలుస్తుందా అనే వాదన శాస్త్రవేత్తల్లో ఇంకా ఉంది. అయినా అరుపు లేనంత మాత్రాన నొప్పి లేదని మాత్రం ఇక అనలేం.

ఈ మాట చేపల దగ్గర ఆగదు. "మీకు అలవాటే కదా" అనే మాట మనం ఎన్నిసార్లు విన్నాం! రోడ్డు లేక గర్భిణిని డోలీలో మోసుకొస్తే, మీవాళ్లు గట్టివాళ్లు అంటారు. చెప్పుల్లేకుండా కొండ దిగి బడికొచ్చే పిల్లను చూసి మెచ్చుకుంటారు. ఆ మెచ్చుకోలు వినడానికి బాగుంటుంది. కానీ దాని వెంటే, ఓర్చుకుంటున్నారు కాబట్టి ఇవ్వక్కర్లేదు అనే లెక్క కూడా వస్తుంది. ఓర్పు మనది. దాన్ని సాకుగా వాడుకునే హక్కు ఇంకొకరికి లేదు.

ఉపాధ్యాయులుగా మనం కూడా జాగ్రత్తపడాలి. మన ఆదివాసీ సమాజాల్లో సికిల్ సెల్ జబ్బు ఎక్కువగా కనిపిస్తుంది. దాని నిర్మూలన కోసం 2023లో జాతీయ స్థాయి కార్యక్రమమే మొదలైంది. ఆ జబ్బున్న పిల్లలకు ఎముకల్లో, కీళ్లలో భరించలేని నొప్పి వస్తుంది. హాస్టల్లో కొందరు మోకాళ్లు దగ్గరకు లాక్కుని మాట్లాడకుండా పడుకుంటారు. అల్లరి చేయని పిల్లవాడు బాగానే ఉన్నాడనుకోవడం మనకు తేలిక. అందుకే మాట్లాడని పిల్లల్నే ముందు పలకరించాలి.

అలాగని చేపలు పట్టవద్దని మనం అనడం లేదు. వాగు మనకు అన్నం పెట్టింది. పైగా ఎవరో తొట్టెల్లో పెంచి నీళ్లలో వదిలేసిన సక్కర్ చేపలు ఇప్పుడు మన నదుల్లోనూ వలలకు తగులుతున్నాయి. ఒంటి మీది గట్టి ఎముక పలకలు, ముళ్లతో వలలు చింపుతున్నాయి. మన చేపల మేతకు పోటీ వస్తున్నాయి. డెవిల్ ఫిష్ అని జాలర్లు తిట్టుకుంటున్నారు. వలలో పడితే తిరిగి నీళ్లలోకి వదలకూడదన్నది నిజమే. కానీ అది తనంతట తాను సముద్రాలు దాటి రాలేదు. తప్పు తెచ్చి వదిలినవాళ్లది. చంపక తప్పకపోతే తల మీద ఒక్క గట్టి దెబ్బతో చంపాలి. ఎండలో పడేసి, చావు దాని ఓపికకు వదిలేయడం న్యాయం కాదు.

బడిలో దీన్ని పాఠంగానే చెప్పవచ్చు. కొర్రమీను పైకి వచ్చి గాలి పీల్చడం పిల్లలకు నీళ్లలోనే చూపించండి. తొట్టె చేపల్ని వాగులో ఎందుకు వదలకూడదో చెప్పండి. ఆ తర్వాత ఒక ప్రశ్న వేయండి: "ఇది ఎంతసేపు ఓర్చుకోగలదు అన్నది ఒక ప్రశ్న. మనం దాన్ని ఎందుకు ఓర్చుకోనివ్వాలి అన్నది ఇంకో ప్రశ్న. రెండూ ఒకటేనా?" జవాబు వాళ్లనే వెతకనివ్వండి. రేపు ఎవరైనా "నీకు అలవాటే కదా" అన్నప్పుడు ఆ జవాబు వాళ్లకు పనికొస్తుంది.