పారేసిన ట్రాన్స్‌ఫార్మర్‌కు పూజ ఉందా?

దసరా వస్తే హైదరాబాద్ నానక్‌రామ్‌గూడ అద్దాల మేడల్లోనూ ఆయుధ పూజ జరుగుతుంది. ల్యాప్‌టాప్‌కు కుంకుమబొట్టు, జనరేటర్‌కు నిమ్మకాయలు. మరి నియాన్ బోర్డు తీసి ఎల్‌ఈడీ పెట్టినప్పుడు ఊడిన ట్రాన్స్‌ఫార్మర్ సంగతి? తుక్కు కొట్టుకు చేరగానే దాని పవిత్రత పోయినట్టేనా?

టెస్లా కాయిల్ కట్టే ఔత్సాహికులకు ఆ పాత పెట్టె బంగారం. కొన్ని రకాలు 15,000 వోల్టులు ఇస్తూనే కరెంటును 30 మిల్లీఆంపియర్ల దగ్గర ఆపుతాయి. కెపాసిటర్ నిండుతుంది, స్పార్క్ గ్యాప్‌లో గాలి చిట్లుతుంది, కాయిల్ కొస నుంచి ఊదారంగు మెరుపు దూకుతుంది.

1893 ఫిబ్రవరిలో సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో ప్రసంగించిన వివేకానందుడు, తర్వాత న్యూయార్క్‌లో, ఆ కాయిల్‌కు పేరిచ్చిన నికోలా టెస్లాను కలిశారు. ప్రాణం, ఆకాశం గురించిన వేదాంత భావన టెస్లాను ఆకట్టుకుంది. శక్తి, పదార్థం రెండింటినీ స్థితిశక్తిగా తేల్చవచ్చని గణితంతో చూపగలనని ఆయన నమ్మినట్టు స్వామి 1896 ఫిబ్రవరి నాటి ఉత్తరంలో రాశారు. టెస్లా ఆ పని చేయలేకపోయారు. 1905లో పదార్థాన్నీ శక్తినీ ముడిపెట్టే ఐన్‌స్టీన్ సమీకరణం వచ్చింది. దాన్ని వేదాంతానికి రుజువుగా చూపడం మాత్రం తొందరపాటు.

అసలు వెలుగు ఆదిశంకరుల విభజనలో ఉంది: పరమార్థం వేరు, వ్యవహారం వేరు. పరమార్థంలో తుక్కూ, విగ్రహమూ ఒకటే కావచ్చు. వ్యవహారంలో నియాన్ ట్రాన్స్‌ఫార్మర్ వేరు, మైక్రోవేవ్ ట్రాన్స్‌ఫార్మర్ వేరు. రెండోది ఇచ్చేది సుమారు 2,000 వోల్టులే, కానీ కరెంటుకు అంత కట్టడి లేదు. ముట్టుకుంటే ప్రాణం పోతుంది. మొదటిదీ ఆటవస్తువేం కాదు. ప్లగ్ పీకాక కూడా కెపాసిటర్‌లో ఛార్జి నిలిచే ఉంటుంది. అందుకే తెలిసినవాళ్లు దానికి అడ్డంగా బ్లీడర్ రెసిస్టర్ కట్టి, ఎర్తింగ్ సరిచూసి, ఛార్జి దిగిందని మీటరుతో కొలిచాకే చేయి పెడతారు.