పేరు తీసేసిన బస్సు

మాట మార్చిన నాయకుడి గురించి మన భాషలో ఉన్న మాటలు ఏవీ గౌరవమైనవి కావు. నాలుక మడతేశాడంటాం, గోడమీద పిల్లి అంటాం. అలాగని పట్టు విడవనివాణ్ణి మెచ్చుకుంటామా అంటే అదీ లేదు. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం అని నవ్వుతాం. భారతంలో కూడా రెండు రకాలవాళ్ళూ కనిపిస్తారు. భీష్ముడు ఇచ్చిన మాట చివరిదాకా నిలబెట్టుకున్నాడు, ఆ నిష్ఠ వల్ల వంశానికి కలిగిన మేలు ఏమిటో చెప్పడం కష్టం. యుద్ధంలో ఆయుధం పట్టనన్న కృష్ణుడు అర్జునుణ్ణి కాపాడటానికి చక్రం పట్టుకుని రథం మీదనుంచి దూకాడు. కృష్ణుణ్ణి మాట తప్పినవాడిగా ఎవరూ లెక్కకట్టరు. అందుచేత మాట మారిందా లేదా అని మాత్రమే చూస్తే తీర్పు తేలదు. ఎవరికోసం మారింది, దాని ఖర్చు ఎవరి నెత్తిన పడింది అని కూడా చూడాలి.

ఈ ప్రశ్న వేసుకోవటానికి మనం దూరం వెళ్ళనక్కరలేదు. 1997లో విరుదునగర్ బస్సు విషయంలో జరిగింది చాలు.

నడివయసు దాటినవాళ్ళకు జ్ఞాపకం ఉంటుంది, ఒకప్పుడు తమిళనాడులో జిల్లాలకూ, ప్రభుత్వ బస్సు సంస్థలకూ పెద్దల పేర్లు ఉండేవి. 1985లో రామనాథపురం జిల్లాను మూడుగా విడదీసినప్పుడు విరుదునగర్ వైపు భాగానికి ఆ ఊరి బిడ్డ కామరాజు పేరు పెట్టారు. శివగంగ వైపు భాగం పసుంపొన్ ముత్తురామలింగ తేవర్ జిల్లా అయింది. 1986లో తూత్తుకుడి కేంద్రంగా ఏర్పడిన జిల్లాకు చిదంబరనార్ పేరు వచ్చింది. కోవిల్‌పట్టి ఆ జిల్లాలోకి చేరింది. బస్సుల సంగతి కూడా అంతే. మదురైలో పాండియన్, తిరునెల్వేలిలో కట్టబొమ్మన్, దిండిగల్లులో రాణి మంగమ్మ, కారైకుడిలో మరుదు పాండియర్, దూరప్రయాణాలకు తిరువళ్ళువర్. చదువురానివాళ్ళు కూడా "మంగమ్మ వచ్చిందా, కట్టబొమ్మన్ పోయిందా" అని అడిగేవాళ్ళు. ఈ పేర్లలో రెండు మన తెలుగువాళ్ళవి. కట్టబొమ్మన్‌ది తెలుగు మాట్లాడే రాజకంబళ నాయకుల వంశం, మంగమ్మ మదురై నాయకుల రాణి. అయినా వాళ్ళు మనవాళ్ళని మనం ప్రత్యేకంగా చెప్పుకున్నది లేదు, పరాయివాళ్ళని ఎవరూ బస్సు దిగిపోయిందీ లేదు.

1996లో కరుణానిధి నాలుగోసారి ముఖ్యమంత్రి అయ్యారు. మరుసటి ఏడాది ఆయన ప్రభుత్వం విరుదునగర్ కేంద్రంగా కొత్త రవాణా సంస్థను ఏర్పాటు చేసి దానికి వీరన్ సుందరలింగం పేరు పెట్టింది. సుందరలింగం కట్టబొమ్మన్ సేనాని. ఒట్టప్పిడారం దగ్గరి కవర్నగిరి ఆయన ఊరు. 1799లో తెల్లవాళ్ళతో జరిగిన పోరులో శత్రువుల మందుగుండు కొట్టును పేల్చి తానూ అందులోనే ప్రాణం విడిచాడని ఆ ప్రాంతంలో చెప్పుకుంటారు. ఆయన పుట్టింది దళిత కులంలో. ఆ కులానికి 2021లో పార్లమెంటు చేసిన చట్టంతో దేవేంద్రకుల వేళాళర్ అన్న పేరు స్థిరపడింది.

గొడవ అక్కడే వచ్చింది. ఆ పేరున్న బస్సు ఎక్కబోమని తేవర్ వర్గంలో కొందరు బహిరంగంగానే అన్నారు. విరుదునగర్ జిల్లాలో రేగిన ఘర్షణలు పక్క జిల్లాలకు పాకాయి. ఇళ్ళు తగలబడ్డాయి, మనుషులు చచ్చిపోయారు. చివరికి ఆ ఏడాది జూలైలో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. తగ్గిన తీరు మామూలుది కాదు. సుందరలింగం పేరు ఒక్కటే తీస్తే బాగుండదనుకుని అన్ని జిల్లాల మీదా, అన్ని బస్సు సంస్థల మీదా ఉన్న నాయకుల పేర్లు తీసేసింది. కామరాజు జిల్లా విరుదునగర్ జిల్లా అయింది, చిదంబరనార్ జిల్లా తూత్తుకుడి జిల్లా అయింది. ఏ తగాదాలోనూ లేని తిరువళ్ళువర్ కూడా బస్సు దిగాల్సి వచ్చింది. అప్పటినుంచి జిల్లాల్లో తిరిగేవి ఎక్కువగా తమిళనాడు ప్రభుత్వ రవాణా సంస్థ బస్సులే. పక్కన మదురై అనో తిరునెల్వేలి అనో ఊరి పేరు మాత్రం ఉంటుంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి చూడాలి. కట్టబొమ్మన్ రాజు, సుందరలింగం ఆయన కింద పోరాడిన సేనాని. ఇద్దరూ పోరాడింది ఒకే శత్రువుతో, ఒకే కోట కోసం. కట్టబొమ్మన్‌ను 1799 అక్టోబరు 16న కయత్తార్‌లో ఉరితీశారు. రాజు పేరున్న బస్సులో ఎన్నో ఏళ్ళు కూర్చుని ప్రయాణం చేసినవాళ్ళకు సేనాని పేరున్న బస్సు మెట్టు ఎక్కడానికి కాలు రాలేదు. ఇద్దరి త్యాగంలో తేడా ఏమీ లేదు, తేడా అంతా పుట్టుకలోనే ఉంది.

కరుణానిధి చేసింది తప్పని చప్పున అనటానికి నాకు మనసొప్పదు. కట్టబొమ్మన్‌కు పాంచాలంకురిచ్చిలో 1974లో స్మారక కోట కట్టించింది ఆయన ప్రభుత్వమే. సుందరలింగం పేరు పెట్టాలనుకున్నదీ ఆయనే. ఊళ్ళు తగలబడుతూ ఉంటే బస్సు మీద అక్షరాల కోసం ఇంకా ఎన్ని ప్రాణాలు పోవాలని ముఖ్యమంత్రి స్థానంలో ఉన్న మనిషి అడుక్కోక తప్పదు. పోలీసులను పెట్టి ఆ పేరును నడిపించవచ్చు, కానీ 1995 ఆగస్టులో కొడియంకుళం ఊళ్ళో పోలీసులు ఏం చేశారో చూసిన దళితులకు తుపాకీ కాపలా ధైర్యం ఇచ్చేది కాదు. పైగా, ప్రతి కులమూ తమ పెద్ద పేరు ఒక జిల్లాకో బస్సుకో కావాలని అడగటం అప్పటికే మొదలైంది. దానికి ఎక్కడో ఒకచోట అడ్డుకట్ట పడాలనే వాదనలో కూడా బలం ఉంది.

ప్రజలకు నచ్చని నిర్ణయాన్ని ప్రజల ప్రభుత్వం మార్చుకోవటంలో తప్పేమిటని మరో వాదన వస్తుంది. చాలా సందర్భాల్లో అది నిజమే. 2018 జనవరి 20న తమిళనాడు బస్సు చార్జీలు ఒక్కసారిగా పెంచారు. విద్యార్థులు రోడ్డెక్కారు, కూలికి పోయే ఆడవాళ్ళు కండక్టర్లతో పోట్లాడారు. పది రోజులు తిరక్కముందే కొంత తగ్గించారు. తగ్గించింది చాలదన్నారు గాని, ఎందుకు తగ్గించారని ఎవరూ అడగలేదు. తన జేబుకు తగిలిన బరువు గురించి మనిషి మొరపెట్టుకుంటే వినటం పాలకుడి ధర్మం.

స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో ఇంకో రకంగా జరిగింది. ఊళ్ళోకి వచ్చే కార్ల మీద రద్దీ సుంకం వేయనని 2002 ఎన్నికల ముందు మాట ఇచ్చిన నగర నాయకురాలు అన్నికా బిల్‌స్ట్రోమ్, తరవాత ఆ మాట మార్చుకున్నారు. 2006 జనవరి నుంచి జూలై దాకా సుంకాన్ని ప్రయోగంగా అమలు చేసి చూపించారు. మొదట తిట్టినవాళ్ళే రోడ్లు ఖాళీ కావటం చూసి మెత్తబడ్డారు. ఆ సెప్టెంబరులో నగరవాసులు సుంకం కావాలని ఓటు వేశారు, అదే రోజు ఎన్నికలో ఆమె పదవి పోయింది. సుంకాన్ని వ్యతిరేకించిన పార్టీలు అధికారంలోకి వచ్చి, తామూ మాట మార్చుకుని 2007 ఆగస్టులో దాన్ని శాశ్వతం చేశాయి. ఆమె మాట తప్పిన మాట నిజం. అయితే దాని ఖరీదు తనే చెల్లించింది.

విరుదునగర్ సంగతి ఈ రెండింటిలో దేనికీ చెందదు. బస్సు ఎక్కనన్నవాళ్ళకు చార్జీ పెరగలేదు, దారి దూరం కాలేదు, వాళ్ళ పొలం పోలేదు. ఇంకొకరికి దక్కబోయే గౌరవమే వాళ్ళకు కష్టమైంది. ఒక మనిషికి ఫలానా బస్సు ఎక్కకుండా ఉండే స్వేచ్ఛ ఉంది, నడిచి వెళ్ళవచ్చు. కానీ ఆ బస్సుకు ఆ పేరు ఉండకూడదనే హక్కు లేదు. అంటరానితనాన్ని రద్దు చేసిన రాజ్యాంగం పదిహేడో అధికరణం ఉన్న దేశంలో ఇలాంటి అయిష్టాన్ని ప్రజాభిప్రాయం కింద లెక్కవేస్తే, రేపు దేన్నయినా ఆ లెక్కలో కలపవచ్చు.

జమాఖర్చుల్లో ఒక నియమం ఉంది. తప్పు పద్దు పడితే దాన్ని గీకి చెరిపెయ్యకూడదు. ఎదురు పద్దు వేసి, ఎందుకు వేశామో కింద ఒక వాక్యం రాయాలి. ఆ వాక్యం లేకపోతే ఆడిటరు ఒప్పుకోడు. నిర్ణయం మార్చుకునే నాయకుడి నుంచి మనం కోరదగింది కూడా అంతే. మార్చుకో, కారణం మాత్రం సరిగ్గా రాయి. 1997లో ప్రభుత్వం కారణం రాయకపోలేదు. నాయకుల పేర్ల వల్ల కుల ఘర్షణలు వస్తున్నాయి, అవి ఆగాలని పేర్లన్నీ తీసేస్తున్నాం అన్నది. కానీ ఘర్షణ పేర్ల వల్ల వచ్చిందా? కట్టబొమ్మన్, పాండియన్, మంగమ్మ పేర్లు ఎన్నో ఏళ్ళు ఆ రోడ్ల మీదే తిరిగాయి గదా! ఒక్క పేరును ఒప్పుకోనివాళ్ళ పంతం వల్ల వచ్చిన నష్టాన్ని పేర్ల ఖాతాలో రాశారు. ఇలాంటి పొరపాటు ట్రయల్ బాలెన్సులో దొరకదు. రెండు పక్కలా మొత్తం సరిపోతుంది, అందరి పేర్లూ పోయాయి కాబట్టి అందరూ సమానమే అనిపిస్తుంది. పద్దు మాత్రం తప్పు ఖాతాలో పడి ఉంటుంది.

ఆ సమానత్వం ఎవరికి ఎంత ఖర్చయిందో చూడండి. కామరాజుకు విగ్రహాలున్నాయి, విశ్వవిద్యాలయం ఉంది. కట్టబొమ్మన్‌కు కోట ఉంది, సినిమా ఉంది. బస్సు మీద పేరు పోతే వాళ్ళకు తరిగిందేమీ లేదు. సుందరలింగం పేరు అప్పుడప్పుడే వాళ్ళ సరసన చేరబోయింది. ఆయన వాళ్ళకు ఆ పేరుతోపాటు, తాము అడిగితే అందరిదీ పోతుందన్న పాఠం కూడా మిగిలింది. కరుణానిధి శాసనసభలో లేచి, "పేరు సరైనదే. దాన్ని ఇవాళ నిలబెట్టే శక్తి నాకు లేదు. తప్పు ఆ పేరుది కాదు, బస్సు ఎక్కనన్నవాళ్ళది" అని ఉంటే బస్సు మీద పేరు ఎలాగూ పోయేదే, కానీ పద్దు సరైన ఖాతాలో ఉండేది. అలా అనటం వల్ల ఓట్లు పోయి ఉండవచ్చు. మాట మార్చుకున్న నాయకుడు తన సొంతంగా చెల్లించవలసిన భాగం అదే.

మన తెలుగువాళ్ళకు కూడా ఇందులో పాలు ఉంది. కోవిల్‌పట్టి, ఒట్టప్పిడారం, సాత్తూరు చుట్టూ నల్లరేగడి ఊళ్ళలో మన భాష ఇంకా ఇళ్ళల్లో వినిపిస్తుంది. కట్టబొమ్మన్ పేరు బస్సు మీదనుంచి పోయిందని మనలో నొచ్చుకున్నవాళ్ళు ఉన్నారు, మంగమ్మ పేరు పోయిందని ఇంకా బాధపడేవాళ్ళూ ఉన్నారు. ఆ బాధ న్యాయమైనదే. కాకపోతే మనం బాధపడింది మన పేర్లు పోయినప్పుడు. దానికి రెండు నెలల ముందు సుందరలింగం పేరు మీద అంత రభస జరుగుతున్నప్పుడు, "ఆయన మా రాజుకోసం ప్రాణం ఇచ్చినవాడు, ఆయన బస్సు మేం ఎక్కుతాం" అని మన ఊళ్ళు కలిసి ఒక్క మాట అని ఉంటే వెనక్కి తగ్గాలనుకున్న ప్రభుత్వానికి కాస్త వెన్ను దొరికేది. నాయకుడు ఎటు తిరుగుతాడన్నది గట్టిగా అరిచేవాళ్ళను బట్టే కాక, మౌనంగా ఉండేవాళ్ళను బట్టి కూడా ఉంటుంది. మైనారిటీగా బతికే భాషవాళ్ళం మనం. ఇంకొకరి పేరు ఎక్కనివ్వనప్పుడు మాట్లాడకపోతే, మన పేరు దించేటప్పుడు పక్కన నిలబడమని ఎవరిని అడుగుతాం?